పరాసు గదిలో బందరు పూలు
పాతకాలపు ఫ్రెంచి ఇంటి రంగుల హంగు ఇప్పుడు మన నగరాల ఫ్లాట్లలోకీ వస్తోంది. ఆ రంగుల పుట్టిల్లు మాత్రం కృష్ణా తీరమే

భోజనాల గది గోడలు పసుపు. కుర్చీలు పసుపు. పింగాణీ సామాను అలమరాలూ పసుపే, కాకపోతే ఒక ఛాయ తేడా. గోడల నిండా జపాన్ చిత్రాలు. తలుపు దాటితే వంటగదిలో అంతా నీలి పలకలు, రాగి గిన్నెల వరస. పారిస్‌కు వాయవ్యంగా ఉన్న జివెర్నీ గ్రామంలో చిత్రకారుడు క్లాడ్ మోనే 1883 నుంచి 1926లో కన్నుమూసేదాకా నివసించిన ఇల్లు ఇది. 1980 నుంచి సందర్శకులకు తెరిచి ఉంచిన ఈ ఇంటిని చూసినవారిలో చాలామందికి కలిగే మొదటి అనుమానం ఒక్కటే. ఇన్ని రంగులు ఒకదానితో ఒకటి కొట్టుకోకుండా ఎలా కుదిరాయి?

పాతకాలపు ఫ్రెంచి శైలి పేరుతో ఇంటీరియర్ డిజైనర్లు చెప్పే సూత్రాలన్నీ ఈ ప్రశ్నకు జవాబులే. నిజానికి ఫ్రెంచి శైలి ఒకటి కాదు, రెండు. మొదటిది వెర్సాయ్ రాజమందిరం తరహా. బంగారు పూత, నిలువుటద్దాలు, షాండ్లియర్లు. మన ఫంక్షన్ హాళ్లు, సినిమా సెట్లు అనుకరించేది దీన్నే. రెండోది పల్లెటూరి ఇంటిది, చిన్న పట్టణపు మేడదిది. ఆరు పలకల ఎర్రమట్టి పెంకుల నేల, పెయింటు అక్కడక్కడ రాలిన అలమరా, ఎనామెల్ కాఫీ కూజా, ఒకదానికొకటి పొంతన లేని పింగాణీ పళ్లేలు, కిటికీకి పూల తెరలు, మంచం మీద మరో రకం పూల దుప్పటి. 2001లో వచ్చిన 'అమెలీ' సినిమాలో ఎరుపు, ఆకుపచ్చ రంగుల్లో మునిగితేలే పారిస్ గది ప్రపంచమంతా పరిచయమయ్యాక ఈ తరహా చిలిపి అలంకరణ కూడా చాలామందికి చేరువైంది.

ఈ రెండో శైలిలో సెట్టు అనే మాటకు చోటు లేదు. ఒకే దుకాణంలో ఒకే రోజు సోఫా, టేబుల్, తెరలు కొనేస్తే అది ఆ ఇల్లు కాదు. వస్తువులు ఒక్కొక్కటే వచ్చి చేరాలి. అమ్మమ్మ ఇంటి నుంచి ఒకటి, పాత సామాను సంత నుంచి మరొకటి. ఆ సంతలనే ఫ్రాన్స్‌లో 'బ్రొకాంత్' అంటారు. పారిస్ ఉత్తర అంచున సెంటువాన్‌లో, దక్షిణాన ప్రొవాన్స్ ప్రాంతంలోని చిన్న పట్టణాల్లో ఇవి పెద్ద వ్యాపారం. అక్కడ గీత పడ్డ బల్ల, అంచు విరిగిన గిన్నె పారేయాల్సిన సరుకు కాదు. వాటి వయసే వాటికి విలువ.

అయితే ఈ శైలి గుట్టు కుర్చీల్లో లేదు, గుడ్డలో ఉంది. గది నుంచి పూల తెరలు, దుప్పట్లు తీసేస్తే మిగిలేది పాత సామాను కొట్టు. ఆ గుడ్డ పేరు ఫ్రెంచిలో 'ఆందియెన్'. అంటే భారతీయ వస్త్రం. అచ్చు వేసిన నూలు బట్టకు ఫ్రెంచివారు ఇప్పటికీ వాడే మాట ఇదే.

ఉతికితే పోని వింత

17వ శతాబ్దం దాకా సామాన్య ఫ్రెంచి ఇంట్లో బట్టకు రంగు తక్కువ. పట్టు ఖరీదైనది. ఉన్ని బరువైనది, ఉతకడం కష్టం. నార బట్టకు రంగు సరిగా అంటదు. నూలు మీద రంగు పూసినా నాలుగు ఉతుకులకు వెలిసిపోయేది. అలాంటి చోటికి కోరమాండల్ తీరం నుంచి తేలికైన నూలు బట్ట వచ్చింది. దాని మీద ఎర్రటి పూలు, నీలి ఆకులు, కొమ్మకొమ్మకూ వేరే పువ్వు పూసిన చెట్టు. ఉతికేకొద్దీ రంగు పోకపోగా తేటపడేది. యూరప్ కొన్నది డిజైన్‌ను మాత్రమే కాదు, పోని రంగును.

ఆ రంగు వెనుక ఉన్నది రసాయన శాస్త్రం, దానికి ఆ పేరు పెట్టకముందే. బట్టను కరక్కాయ, గేదె పాలు కలిపిన నీటిలో నానబెడతారు. కరక్కాయలోని టానిన్ రంగును పట్టుకుంటుంది. పాలలోని కొవ్వు రంగు పక్కకు పాకకుండా ఆపుతుంది. తుప్పు పట్టిన ఇనుము, బెల్లం కలిపి రోజుల తరబడి పులియబెట్టిన ద్రవంతో నలుపు గీతలు వేస్తారు. ఎరుపు కావలసిన చోట పటిక అద్దుతారు. పారే నీటిలో కడిగి, చిరివేరు వేసిన కాగులో మరిగిస్తే పటిక పడిన చోటే ఎరుపు పట్టుకుంటుంది. పచ్చిక మీద పరచి నీళ్లు చల్లుతూ ఎండబెడితే మిగతా బట్ట తెల్లబడుతుంది. కృష్ణా తీరపు సున్నపు నేలల్లో పెరిగిన చిరివేరుకు ఎరుపు ఎక్కువని అప్పటి వర్తకులకు బాగా తెలుసు.

ఫ్రెంచి ఈస్టిండియా కంపెనీ 1664లో పుట్టింది. 1669 నాటికే గోల్కొండ సుల్తాన్ అనుమతితో మచిలీపట్నంలో స్థావరం పెట్టింది. పుదుచ్చేరికి వెళ్లింది ఆ తర్వాతే, 1674లో. తెలుగువారు అప్పట్లో ఫ్రెంచివారిని 'పరాసులు' అనేవారు. బందరులో పరాసుపేట ఆ జ్ఞాపకమే. డచ్చివారి పేర వలందపాలెం, ఇంగ్లీషువారి పేర ఇంగ్లీషుపాలెం కూడా అక్కడే ఉన్నాయి. ఒక్క ఊళ్లో మూడు దేశాల పేటలు వెలిశాయంటే ఆ బట్టకు ఎంత గిరాకీ ఉండేదో ఊహించవచ్చు.

ఇది ఒకవైపు ప్రయాణం కాదు. యూరప్ వర్తకులు ముదురు నేల వద్దు, తెల్ల నేల మీద పూలు కావాలని నమూనాలు పంపేవారు. ఇక్కడి అద్దకందారులు ఎన్నడూ చూడని పూలను తమ చేతివాటంతో మలిచేవారు. అలా పుట్టిన పువ్వు పూర్తిగా భారతీయమూ కాదు, ఫ్రెంచిదీ కాదు. ఈనాడు ఫ్రెంచి పల్లె పూలుగా చలామణీ అయ్యేవాటిలో చాలా భాగం ఈ సంకరం నుంచి వచ్చినవే.

73 ఏళ్ల నిషేధం

మోజు పెరిగింది. 1670లో నాటకకర్త మోలియేర్ కొత్తగా డబ్బు చేసిన తన కథానాయకుణ్ణి ఎగతాళి చేయడానికి అతనికి తొడిగింది ఆందియెన్ అంగీయే. మార్సెయ్ రేవులో అప్పటికే స్థానిక తయారీ మొదలైంది. అక్కడ 1648లోనే పేకముక్కలు అచ్చువేసే ఒక పనివాడు ఈ బట్టల అద్దకానికి భాగస్వామి అయ్యాడు. 1670ల్లో అర్మేనియన్ పనివారు వచ్చి తూర్పు దేశాల పద్ధతి నేర్పారు.

పట్టు, ఉన్ని నేతగాళ్ల సంఘాలు గగ్గోలు పెట్టాయి. 1686లో పద్నాలుగో లూయీ ప్రభుత్వం దిగుమతిని నిషేధించింది. దేశంలో అచ్చువేయడాన్నీ నిషేధించింది. అచ్చు దిమ్మెలను పగలగొట్టించింది. ఆ తర్వాత బట్ట ధరించడం కూడా నేరమైంది. కాపలాదారులు వీధుల్లో ఆడవాళ్ల గౌన్లను పట్టి చూసేవారు, జరిమానాలు వేసేవారు. ఫలితం? దొంగరవాణా. నిషేధించిన రాజు ఆస్థానంలోనే అది ఫ్యాషన్‌గా మిగిలింది. పదిహేనో లూయీ ప్రియురాలు మదాం ద పాంపదూర్ తన భవనాన్ని ఆ బట్టలతోనే అలంకరించుకుంది. సామాన్యురాలికి జరిమానా, రాజు ప్రియురాలికి తెరలు.

చట్టం ఆపలేని దాన్ని తెలుసుకోవడానికి శాస్త్రం బయల్దేరింది. 1734లో పుదుచ్చేరికి వచ్చిన నౌకాదళ అధికారి బోల్యూ అద్దకం పనిని దగ్గరుండి చూసి, ఒక్కో దశలో ఒక్కో ముక్క కత్తిరించి వివరాలతో సహా ఫ్రాన్స్‌కు తీసుకెళ్లాడు. ఆ ప్రతి పారిస్‌లోని ప్రకృతి చరిత్ర మ్యూజియంలో భద్రంగా ఉంది. 1742లో జెసూట్ మతగురువు గాస్తోన్ లొరాన్ కెర్దూ మతం మార్చుకున్న అద్దకందారుల నుంచి పద్ధతిని రాబట్టి లేఖగా రాసి పంపాడు. తెలుగు-ఫ్రెంచి-సంస్కృత నిఘంటువు కూర్చింది ఈయనే. సంస్కృతానికి, గ్రీకు, లాటిన్‌లకు చుట్టరికం ఉందని విలియం జోన్స్ కంటే ముందే గుర్తించిందీ ఈయనే. మేధో సంపత్తి హక్కు అనే మాట లేని కాలమది. ఒక తీరం తరతరాలుగా కాపాడుకున్న విద్య ఒక కవరులో ఓడెక్కింది.

చివరికి నిషేధం 1759లో పోయింది. విచిత్రమేమిటంటే అదే ఏడాది ఏప్రిల్‌లో కల్నల్ ఫోర్డ్ నాయకత్వంలోని ఇంగ్లీషు సేన మచిలీపట్నం కోటను ఫ్రెంచివారి నుంచి లాక్కుంది. ఫ్రాన్స్‌కు బందరు బట్ట చేజారిన ఏడాదే సొంతంగా బందరు తరహా బట్ట చేసుకునే స్వేచ్ఛ దొరికింది.

గొర్రె, బాతు, బెలూన్

మరుసటి ఏడాదే, 1760లో, జర్మన్ సంతతికి చెందిన 22 ఏళ్ల ఒబర్‌కాంఫ్ వెర్సాయ్ సమీపంలోని జూయి గ్రామంలో ఏటి ఒడ్డున అచ్చుల కర్మాగారం పెట్టాడు. 'త్వాల్ ద జూయి' అనే ప్రసిద్ధమైన గుడ్డ పుట్టింది ఇక్కడే. మొదట చెక్క అచ్చులు, 1770 నుంచి రాగి పలకలు, 1797 నుంచి రాగి రోలర్లు. ఒకప్పుడు వెయ్యికి పైగా పనివారు ఉన్న ఈ సంస్థ 1843లో మూతపడింది. ఊళ్లో ఇప్పుడు దాని పేర మ్యూజియం ఉంది.

ఫ్రెంచి అలంకరణలోని చిలిపితనానికి మూలం చాలావరకు ఈ గుడ్డే. తెల్ల నేల మీద ఒకే రంగులో, ఎరుపు గానీ నీలం గానీ, కథలు అచ్చయ్యేవి. గొర్రెలు కాసే పిల్లలు, ఉయ్యాలలు, కోతులు, చైనా గొడుగులు. 1783లో గొనెస్ గ్రామంలో హైడ్రోజన్ బెలూన్ దిగితే రైతులు అది రాక్షసి అనుకుని పంగలకర్రలతో పొడిచారు. చిత్రకారుడు యువే ఆ దృశ్యాన్నే తెరల గుడ్డగా మార్చాడు. ఆ ఏడాదే గొర్రె, బాతు, కోడిపుంజులను ఎక్కించుకుని వెర్సాయ్‌లో ఎగిరిన మాంగోల్ఫియే బెలూన్‌కు అలంకరణ సమకూర్చింది పారిస్‌లోని గోడకాగితం వ్యాపారి రెవెయోన్. ఆ రోజుల్లో వార్తా విశేషం పడకగది గోడకు ఎక్కడానికి ఎంతో కాలం పట్టేది కాదు.

ఆ అందానికి మరో పార్శ్వమూ ఉంది. 1789 ఏప్రిల్‌లో కూలి తగ్గించాలన్నాడన్న వదంతితో రెవెయోన్ కర్మాగారం మీద పనివారు విరుచుకుపడ్డారు. కాల్పుల్లో పలువురు చనిపోయారు. బాస్టీల్ కోట కూలడానికి మూడు నెలల ముందు మాట ఇది. నాంత్ రేవు నుంచి బయల్దేరిన ఓడలు ఆఫ్రికాలో బానిసలను కొనడానికి మారకంగా ఇచ్చిన సరుకుల్లో ఈ పూల బట్టలు ముఖ్యమైనవి. తెరల మీది గొర్రెల కాపరి నవ్వుతున్నంత మాత్రాన ఆ గుడ్డ చరిత్రంతా నవ్వులు కాదు.

యువే 1783లో గీసిన మరో డిజైన్ తెలుగువారికి ఆసక్తి కలిగిస్తుంది. దాని వస్తువు జూయి కర్మాగారపు పనే. ఏటిలో బట్ట కడిగేవారు, పచ్చికలో పరిచేవారు, బల్ల ముందు అచ్చువేసేవారు. ఆ బొమ్మను పెడనకు తెచ్చి చూపిస్తే అక్కడి పనివారికి ఒక్క ముక్క వివరించే అవసరం ఉండదు.

ఒకే దెబ్బకు రెండు ఊళ్లు

ఫ్రెంచి ఎరుపుకు ఆధారం మంజిష్ఠ జాతి మొక్క వేరు. అవిన్యోన్ చుట్టుపక్కల రైతులు 19వ శతాబ్దంలో దాన్ని విస్తారంగా సాగుచేశారు. ఫ్రెంచి సైనికుల ఎర్ర ప్యాంట్లకు రంగు దానిదే. కృష్ణా తీరంలో చిరివేరు చేసిన పనే అక్కడ ఈ వేరు చేసింది. రెంటిలోనూ అసలు రంగు పదార్థం అలిజరిన్. 1868లో జర్మన్ రసాయన శాస్త్రవేత్తలు గ్రేబ, లీబర్‌మన్ దాన్ని ప్రయోగశాలలో తయారుచేశారు. కొద్ది సంవత్సరాల్లోనే ప్రొవాన్స్ పొలాలు ఖాళీ అయ్యాయి. చిరివేరు తవ్వేవారూ కనుమరుగయ్యారు. పోటీదారులైన రెండు ఎరుపులను ఒకే ఫ్యాక్టరీ మింగేసింది.

తర్వాతి కథలోనే తేడా. ప్రొవాన్స్‌లోని తరస్కోన్ పట్టణంలో మూతపడే దశలో ఉన్న అచ్చుల కర్మాగారాన్ని 1939లో షార్ల్ దెమెరీ చేతిలోకి తీసుకుని 'సులెయాడో' బ్రాండ్‌గా నిలబెట్టాడు. పాత చెక్క దిమ్మెలను పొయ్యిలో పెట్టకుండా దాచాడు. ప్రొవాన్స్ పూల గుడ్డ ఇప్పుడు పర్యాటకుడు ఫ్రాన్స్ గుర్తుగా కొనుక్కునే వస్తువు. పెడనలోనూ దిమ్మెలు మిగిలాయి, విద్య మిగిలింది. మచిలీపట్నం కలంకారీకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కానీ ఆ పేరుతో మార్కెట్లో అమ్ముడయ్యే సరుకులో స్క్రీన్ ప్రింట్, డిజిటల్ ప్రింట్ గుట్టలుగా ఉంటోంది. చేతి అచ్చుతో రోజులు పట్టే డిజైన్‌ను యంత్రం గంటల్లో దించుతుంది. ధరలో పోటీ పడటం చేతికి సాధ్యం కాదు. అచ్చులు చెక్కేవారు, కాలువలో జాడించేవారు, కాగు దగ్గర నిలబడేవారు ఒకే గొలుసులోని లింకులు. ఒక్కటి తెగినా మిగతావి నిలవవు.

అందుకే ఫ్రెంచి పల్లె శైలి పేరుతో పాలియెస్టర్ తెరలు కొనడంలో ఒక చేదు హాస్యం ఉంది. బందరు నుంచి వెళ్లిన పువ్వు ప్రొవాన్స్ ముద్ర వేయించుకుని, ప్లాస్టిక్ దారంలోకి మారి, హైదరాబాద్ ఫ్లాటుకు తిరిగొస్తోంది. పెడన నుంచి ఆ ఫ్లాటుకు ఒక రాత్రి బస్సు ప్రయాణమే.

గది ఎలా కుదురుతుంది?

ఈ శైలికి ఖర్చు కంటే ఓపిక ముఖ్యం. మొదట గోడ. ప్రొవాన్స్‌లోని రూసియోన్ గ్రామం చుట్టూ కొండల్లో దొరికే పసుపు, ఎరుపు మట్టి రంగులే అక్కడి గోడలవి. సున్నంలో మట్టి రంగు కలిపి కొట్టిన గోడ ప్లాస్టిక్ పెయింటులా మెరవదు. వెలుతురును మెత్తగా తిప్పి పంపుతుంది. మనకు కొత్తది కాదు. పుదుచ్చేరి పాత వీధుల్లో పసుపు, తెలుపు గోడల అందం ఇదే. అక్కడి వైశ్యాళ్ వీధిలో కింది అంతస్తు అరుగుతో తమిళ తరహాలో, పై అంతస్తు స్తంభాలతో ఫ్రెంచి తరహాలో కట్టిన ఇళ్లున్నాయి. కలగలుపు ఈ శైలికి లోపం కాదు, స్వభావం.

తర్వాత గుడ్డ. నాలుగైదు రకాల పూలను ఒకే గదిలో కలపవచ్చు. షరతు ఒక్కటే. అన్నిటిలోనూ ఒక రంగు ఉమ్మడిగా ఉండాలి. పాత ఫ్రెంచి ఇళ్లలో ఆ బాధ్యత వేరు ఎరుపుది. పరిమాణాలూ మారాలి. తెరలకు చిన్న పువ్వు, దుప్పటికి పెద్ద చెట్టు, దిండ్లకు గీతలు. మోనే గది రహస్యమూ అదే. గోడలు, కుర్చీలు, అలమరాలు ఒకే రంగు కుటుంబంలో ఉండటం వల్లే ఆ బొమ్మలన్నీ ఇమిడాయి.

చేతి అచ్చును గుర్తుపట్టడం కష్టం కాదు. రెండు అచ్చులు కలిసే చోట వెంట్రుకవాసి తేడా ఉంటుంది. రంగు బట్ట వెనక్కీ దిగుతుంది. యంత్రపు అచ్చులో అన్ని పువ్వులూ కవలలే. ఉతికేటప్పుడు చల్లని నీరు, కుంకుడు రసం, నీడలో ఆరబెట్టడం చాలు.

సామాను కోసం పారిస్ సంతకు వెళ్లనక్కర్లేదు. ఫ్రెంచి కాఫీ హోటళ్ల మడత కుర్చీకి, మన షామియానాల కింద వేసే ఇనుప కుర్చీకి పెద్ద తేడా లేదు. తుప్పు గీకి ఆకుపచ్చ పెయింటు వేస్తే బాల్కనీకి సరిపోతుంది. అటక మీది టేకు భోషాణం, నానమ్మ కాలపు ఎనామెల్ పళ్లెం, పాత ఇల్లు పడగొట్టేటప్పుడు దొరికే పూల సిమెంటు పలకలు, అన్నీ పనికొస్తాయి. ఫ్రెంచి గృహిణి చేసింది కూడా ఇదే. తన ఇంట్లో ఉన్నవాటితో, తన ఊళ్లో దొరికేవాటితో సర్దుకుంది. దూరం నుంచి తెప్పించుకున్నది ఒక్క పూల బట్టనే.

ఆ బట్ట కోసం ఒక రాజ్యం 73 ఏళ్లు తన ప్రజలతోనే పోరాడి ఓడిపోయింది. దాన్ని తయారుచేసిన చేతులు ఇంకా పెడనలో అచ్చు వేస్తున్నాయి. వాటికి ఇప్పుడు కావలసింది నిషేధం ఎత్తివేత కాదు, ఆర్డర్లు.